తేదీకో కవరు: డ్రాక్యులాని ముక్కలు చేసి చదివిన డైరీ

ఏప్రిల్ 20

ప్రింటు తెచ్చాను. ఏ4 కాగితం, ఒకవైపే, 330 పేజీల పైచిలుకు. "రెండువైపులా వేస్తే సగం డబ్బులు మిగులుతాయి కదక్కా" అన్నాడు జిరాక్సు షాపు అబ్బాయి. కత్తిరించాలి, అందుకే ఒకవైపు అన్నాను. మరోసారి నా మొహం వంక చూసి డబ్బులు తీసుకున్నాడు.

చేయబోయేది ఇదీ. బ్రామ్ స్టోకర్ రాసిన 'డ్రాక్యులా' 1897 మే నెలలో లండన్లో అచ్చయింది. రచయిత 1912లో ఇదే రోజున, అంటే ఏప్రిల్ 20న పోయాడు కాబట్టి కాపీరైటు గొడవ ఎప్పుడో తీరిపోయింది. ఆ నవలలో కథ చెప్పే మనిషంటూ ఒకడు ఉండడు. అన్నీ డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పేపరు కటింగులే. దాదాపు ప్రతి కాగితానికీ తేదీ ఉంది. మొదటిది మే 3, చివరిది నవంబరు 6. కానీ పుస్తకంలో తేదీల వరస లేదు. ఒకాయన డైరీ జూన్ ఆఖరు దాకా నడిపించి, మళ్లీ మే నెలకొచ్చి ఇద్దరు స్నేహితురాళ్ల ఉత్తరాలు మొదలుపెడతాడు. నేను వాటన్నిటినీ కత్తిరించి తేదీకో కవరులో పెట్టి, ఏ రోజుది ఆ రోజే తీసి చదువుతాను. ముందుకి తొంగిచూడకూడదన్నది ఒక్కటే నియమం.

కథ తెలియదా అంటే, కోరలు, నల్లకోటు, గబ్బిలం వరకూ సినిమాల పుణ్యమా అని తెలుసు. పుస్తకం మాత్రం ఎప్పుడూ చదవలేదు.

ఈ పిచ్చికి మూలం అమ్మ. మా చిన్నప్పుడు వారపత్రికల్లో వచ్చే చేతబడి సీరియళ్లని పేజీలు చించి, దాచి, అయిపోయాక బైండు చేయించేది. ఇప్పటికీ బీరువా పైన నాలుగు బైండ్లు ఉన్నాయి. ఆవిడ ముక్కల్ని పుస్తకం చేసింది. నేను పుస్తకాన్ని ముక్కలు చేస్తున్నాను.

ఏప్రిల్ 27

నేనే కత్తిరిస్తే కళ్లు ఊరుకోవు, చదివేస్తాయి. అందుకని ఆ పని అమ్మకి ఇచ్చాను. ఆవిడకి ఇంగ్లిషు నెలల పేర్లు, అంకెలు తెలుసు, అంతకుమించి రాదు. తేదీ కనిపించిన చోటల్లా కత్తెర వేసి, తేదీ రాసిన కవరులో పెట్టడమే ఆవిడ పని. మూడు మధ్యాహ్నాలు పట్టింది. కవర్లు వంద దాటాయి. సెప్టెంబరు కవర్లు లావుగా, జూన్‌వి పల్చగా ఉన్నాయి.

రెండో రోజు ఘోరం జరిగింది. కరెంటు పోయి ఉండగా హాల్లో పరిచిన ముక్కలన్నీ, కరెంటు రాగానే ఫ్యాను గాలికి లేచాయి. సోఫా కిందవీ, టీవీ వెనకవీ ఏరుకోవడానికి గంట. పేజీ నంబర్లు ఉండబట్టి సరిపోయింది. రెండు పేజీల మీదికి సాగిన ముక్కల్ని అతికించడానికి నేను గ్లూస్టిక్ తెస్తే, "అది రెండేళ్లకి ఊడుతుంది" అని అమ్మ మైదా ఉడకబెట్టి, పురుగు పట్టకుండా చిటికెడు మైలతుత్తం కలిపింది.

తేదీ లేనివి రెండు తేలాయి. ఒకటి లూసీ అనే అమ్మాయి ఉత్తరం, పైన 'బుధవారం' అని మాత్రం ఉంది. ఇంకోటి అన్నిటికన్నా చివరి పేజీలో చిన్న ముక్క. రెండూ విడిగా పెట్టాం. అన్నీ పాత చీరల అట్టపెట్టెలోకి వెళ్లాయి.

మే 3

మొదటి కవరు. ఇంగ్లండు నుంచి జొనాథన్ హార్కర్ అనే కుర్ర లాయరు, ఆస్తి కాగితాల పని మీద ట్రాన్సిల్వేనియా వెళ్తున్నాడు. మ్యూనిక్‌లో రాత్రి 8:35కి బండెక్కాడట. వియన్నాకి 6:46కి చేరాల్సిన బండి గంట లేటు. దెయ్యం కథని రైలు టైముతో మొదలుపెట్టడం నాకు భలే నచ్చింది. టైము అంత కచ్చితంగా రాసుకునేవాడు అబద్ధాలాడడనిపిస్తుంది.

దారిలో ఎర్ర మిరప పొడి వేసిన కోడికూర తిన్నాడు. రాత్రి కూజాలో నీళ్లన్నీ తాగేసినా దాహం తీరలేదట. గుంటూరులో కూర్చుని చదువుతున్నాం మరి, అమ్మా నేనూ పది నిమిషాలు నవ్వాం. ఆ కూర ఎలా చేయాలో కనుక్కుని మీనాకి చెప్పాలని కూడా రాసుకున్నాడు. మీనా ఆయన పెళ్లాడబోయే అమ్మాయి.

స్టోకర్ ట్రాన్సిల్వేనియా ఎప్పుడూ వెళ్లలేదు. లండన్‌లో లైసియం అనే థియేటరుకి మేనేజరు. లైబ్రరీ పుస్తకాలు చూసి రాసుకున్నాడు.

మే 12

నైట్ డ్యూటీ. మా బ్లడ్ బ్యాంకులో రాత్రి రెండింటికి ఫ్రిజ్‌ల హోరు తప్ప ఏమీ వినపడదు. కవరు తీసుకుని వెళ్లాను, తప్పు చేశాను.

హార్కర్ కిటికీలోంచి చూస్తుంటే కోట యజమాని కౌంట్ డ్రాక్యులా కింది కిటికీలోంచి బయటికి వచ్చాడు. తల కిందికి పెట్టి, కోటు రెక్కల్లా పరుచుకుని, గోడ మీద బల్లిలా పాకుతూ దిగిపోయాడు. అంతే. రక్తం లేదు, అరుపు లేదు.

పొద్దున ఇంటికొచ్చి అమ్మకి చెబుతుంటే ట్యూబులైటు పక్కన బల్లి పలికింది. "సత్యం" అని నేలమీద మూడుసార్లు కొట్టింది అమ్మ. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మే 19

హార్కర్ చేత కౌంట్ మూడు ఉత్తరాలు ముందే రాయించుకున్నాడు. పని దాదాపు అయిపోయిందని ఒకటి, రేపు బయల్దేరుతున్నానని ఒకటి, కోట వదిలి ఊళ్లోకి వచ్చేశానని ఒకటి. వాటి మీద జూన్ 12, 19, 29 తేదీలు వేయమన్నాడు. తన ఆయుష్షు ఎంతో దీంతో తెలిసిందని హార్కర్ రాసుకున్నాడు. ఈ మూడు తేదీలూ క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతో చుట్టాను.

మీనా స్నేహితురాలు లూసీ రాసిన 'బుధవారం' ఉత్తరాన్ని మొన్ననే చదివేశాం. "బుధవారం అంది కదా, వచ్చే బుధవారం చదువు" అని అమ్మ తీర్పు చెప్పింది. మహా పండితులు కూడా ఇంతకన్నా చేసేది లేదనుకుంటాను.

మే 24

లూసీకి ఒకేరోజు ముగ్గురు పెళ్లి ప్రస్తావన తెచ్చారు. అమ్మకి పండగ. "ఆ పిచ్చాసుపత్రి డాక్టరు మంచివాడిలా ఉన్నాడే" అని ఆవిడ ఓటు. లూసీ మూడోవాడికి సరే అంది.

అదే సమయంలో హార్కర్ కోటలో బందీ. పుస్తకం వరసలో చదివితే ఈ రెండూ వేరు వేరు అధ్యాయాలు. కవర్లలో వారం తిరక్కుండా వచ్చాయి.

జూన్ 30

ఈ నెల కవర్లు ఏడో ఎనిమిదో. నెల మొదట్లో సీవర్డ్ డాక్టరు ఆసుపత్రిలో రెన్‌ఫీల్డ్ అనే రోగి ఈగల్ని పోగేస్తున్నాడు, తర్వాత ఆ ఈగల్తో సాలీళ్లని పెంచుతున్నాడు. హార్కర్ 25న గోడ పట్టుకుని పాక్కుంటూ కౌంట్ గదిలోకి దిగి, నేలమాళిగలో యాభై మట్టిపెట్టెలు చూశాడు. ఒకదాంట్లో కౌంటే పడుకుని ఉన్నాడు.

ఇవాళ పెట్టెల్ని బండ్లకెక్కించి తీసుకుపోయారు. హార్కర్ ఒంటరి. గోడ మీంచి దిగి పారిపోవడానికి ప్రయత్నిస్తానని రాసి ఆపేశాడు.

పెట్టె తెరిచి తర్వాతి కవర్లలో హార్కర్ డైరీ అన్న తలకట్టు ఉందేమో చూశాను (నియమం కొంచెం తప్పాను). జూలైలో లేదు. ఆగస్టులో కూడా లేదు.

జూలై 11

ఇవాళ్టి కవరులో రెండు మూడు వాక్యాలున్నాయి. తెల్లవారుజామున బాస్ఫరస్ జలసంధిలోకి వచ్చాం, టర్కీ కస్టమ్స్‌వాళ్లు ఎక్కారు, బక్షీష్ ఇచ్చాం, నాలుగింటికి కదిలాం. బక్షీష్ అన్న మాట అలాగే ఉంది.

ఏ ఓడ? ఎవరు రాశారు? కవరు తప్పిపోయిందేమోనని పేజీ నంబరు చూశాను. సరైనదే.

జూలై 12

మళ్లీ అదే ఓడ. మళ్లీ బక్షీష్.

జూలై 16

నావికుల్లో ఒకడు కనిపించడం లేదు. పేరు పెట్రోఫ్‌స్కీ. రాత్రి కాపలా మార్చుకున్నాక పడకకి రాలేదట.

"సముద్రంలో పడ్డాడేమో" అంది అమ్మ.

జూలై 18

ఒళ్లు జలదరించింది. ఇవాళ్టి ముక్క మీద, వింత సంగతులు జరుగుతున్నాయి కాబట్టి ఇవాళ్టి నుంచి జాగ్రత్తగా రాస్తాను అని కెప్టెన్ మాట ఉంది. అంటే 11 నుంచి 17 దాకా ఉన్నవన్నీ ఆయన 18న కూర్చుని వెనక్కి గుర్తుచేసుకుని రాసినవి. ఆ కింద అసలు మొదలు. జూలై 6న వార్నా రేవులో సరుకు ఎక్కించడం పూర్తయింది. వెండి ఇసుక, మట్టి పెట్టెలు. ఐదుగురు నావికులు, ఇద్దరు మేట్లు, వంటవాడు, కెప్టెన్.

మట్టి పెట్టెలు.

అమ్మ కత్తెర కింద మొదట కనపడ్డ తేదీ 18 కాబట్టి ఆ ముక్కని అక్కడ పెట్టింది. పద్ధతిగా చేసి ఉంటే నేనో, ఇంకెవరైనా పండితులో జూలై 6న పెట్టేవాళ్లం. అప్పుడు ఓడ ఏమిటో ముందే తెలిసిపోయేది. ఈ పొరపాటు వల్ల వారం రోజులు పేరూ ఊరూ లేని ఓడని చూశాం, ఇప్పుడు దాని లోపల ఏముందో తెలిసింది. సర్దొద్దని నిర్ణయించాను. అలాగే ఉంచుతాను.

జూలై 24

ఒకే కవరులో రెండు ముక్కలు. విట్బీ అనే సముద్రతీరపు ఊరికి సెలవులకి వచ్చిన మీనా, స్టేషన్లో లూసీ ఎదురొచ్చిందనీ ఊరు ఎంత అందంగా ఉందో అనీ రాసింది. అదే రోజు ఓడలో ఇంకొకడు మాయం.

జూలై 26

మీనాకి జొనాథన్ నుంచి ఒకే ఒక్క వాక్యం ఉత్తరం వచ్చింది. కోట నుంచి బయల్దేరుతున్నాను అని. ఇది ఆయన రాసే తీరు కాదు, నాకర్థం కావడం లేదు అంటుంది.

అది మే 19న రాయించుకున్న ఉత్తరాల్లో రెండోది. మేము అది రాస్తుండగా చూసి 68 రోజులైంది. అబద్ధమని మాకు తెలుసు. ఆ అమ్మాయికి చెప్పే దారి లేదు. పుస్తకంలో ఇది కాసిన్ని పేజీల దూరమే, ఆ ఉత్తరం సంగతి చదివేవాళ్లకి గుర్తుంటే ఉంటుంది, లేకపోతే లేదు. అమ్మ మాత్రం అన్నం తింటూ "ఆ పిల్లకి ఎవరైనా చెబితే బాగుణ్ణు" అంది.

ఆగస్టు 8

ఓడ లాగ్‌లో, అంటే కెప్టెన్ రాసే డైరీలో, చివరి ముక్క నాలుగో తేదీది. కెప్టెన్ ఒక్కడే మిగిలాడు. చేతుల్ని చుక్కానికి కట్టేసుకుంటానని రాశాడు. ఐదో తేదీకి కవరు లేదు. ఆరున మీనా డైరీలో, దూరంగా ఒక రష్యా ఓడ ఎటు పోవాలో తేల్చుకోలేనట్టు తిరుగుతూ కనిపించిందని ఉంది. ఏడుకి కవరు లేదు. ఇవాళ పేపరు కటింగు: తుఫానులో ఓడ విట్బీ రేవుకి కొట్టుకొచ్చింది, చుక్కానికి కట్టుకుని శవం ఉంది, పెద్ద కుక్క ఒకటి ఒడ్డుకి దూకి చీకట్లో కలిసిపోయింది.

పుస్తకంలో ఈ కటింగు ముందు, లాగ్ తర్వాత వస్తుంది. అంటే ఓడ ఎలా పోయిందో చెప్పి, ఆ తర్వాత ఎందుకు పోయిందో చెబుతాడు. స్టోకర్‌తో నాకు ఒక్కచోట పేచీ ఉందంటే ఇక్కడే. ఐదో తేదీ రాత్రి ఆ ఖాళీ కవరు చోటులో మేము పడ్డ టెన్షన్ ఆయన పాఠకుడికి దక్కకుండా చేశాడు.

ఆయన 1890 వేసవిలో విట్బీలో బస చేశాడు. అంతకు ఐదేళ్ల ముందు, 1885 అక్టోబరులో, 'డిమిట్రీ' అనే రష్యా ఓడ అక్కడ నిజంగానే ఒడ్డుకి కొట్టుకొచ్చింది. దాని రేవు నార్వా. కథలో ఓడ పేరు డిమీటర్, బయల్దేరింది వార్నా నుంచి. ఇంగ్లిషు అక్షరాలు రెండు అటూ ఇటూ చేస్తే నార్వా వార్నా అవుతుంది. ఆ ఊరి లైబ్రరీలోనే ఆయనకి డ్రాక్యులా అన్న పేరు దొరికింది. ఒక పాత చరిత్ర పుస్తకంలో అడుగున చిన్న నోటు.

ఆగస్టు 12

జూన్ 30 తర్వాత జూలై అంతా అమ్మ రోజూ సాయంత్రం ఒకటే ప్రశ్న. "ఆ అబ్బాయి ఉత్తరం వచ్చిందా?" రాలేదమ్మా అనేదాన్ని. 43 రోజులు.

ఇవాళ వచ్చింది. బుడాపెస్టు ఆసుపత్రి నుంచి ఒక సిస్టరు రాసింది. తీవ్రమైన జ్వరంతో దాదాపు ఆరు వారాలుగా మా దగ్గరే ఉన్నాడు అని. రైల్వే స్టేషన్లోకి పరిగెత్తుకొచ్చి ఇంటికి టికెట్టు కావాలని అరిచాడట. ఆ అరుపు చూసి ఇంగ్లిషువాడై ఉంటాడనుకుని, అటువైపు ఆ బండి వెళ్లేంత దూరానికి టికెట్టు ఇచ్చారట. అమ్మ "బతికాడు" అని దణ్ణం పెట్టింది.

(19న చేర్చింది: ఆ ఉత్తరం మీనా చేతికి ఇవాళ అందింది. వారం పట్టింది.)

సెప్టెంబరు 7

లూసీకి ఒంట్లో రక్తం లేదు. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చిన ప్రొఫెసర్ వాన్ హెల్సింగ్, ఆమె కాబోయే భర్త చేతి నుంచి రక్తం తీసి ఎక్కించాడు. కుర్రాడి రక్తం ఎంత శుద్ధమైనదంటే గడ్డకట్టే పదార్థం తీయక్కర్లేదట.

ఇది చదువుతుంటే నాలో పాఠకురాలు పోయి టెక్నీషియన్ లేచింది. గ్రూపు చూడలేదు, క్రాస్ మ్యాచ్ (ఇద్దరి రక్తం ఒకదానికొకటి పడుతుందా అని చూసే పరీక్ష) లేదు. చూడడానికి గ్రూపులంటూ ఉన్నాయని అప్పటికి ఎవరికీ తెలియదు. లాండ్‌స్టైనర్ అనే డాక్టరు వాటి సంగతి ప్రకటించింది 1901లో, నవల వచ్చిన నాలుగేళ్లకి. (18న చేర్చింది: తర్వాత 10న సీవర్డ్, 13న ప్రొఫెసరే స్వయంగా, 18న అమెరికా నుంచి వచ్చిన మోరిస్. పన్నెండు రోజుల్లో నలుగురి రక్తం.) డ్యూటీలో చెబితే మా సీనియర్ "రక్తపిశాచి సంగతి తర్వాత, ఆ అమ్మాయి ఏబీ పాజిటివ్ అయ్యుంటుంది" అన్నారు. ఎవరి రక్తమైనా పట్టే గ్రూపు అది.

సెప్టెంబరు 17, 18

ఈ రెండు రోజుల గురించి కొంచెం ఎక్కువ రాయాలి.

17న కవరులో చాలా కాగితాలు. అందులో వాన్ హెల్సింగ్ టెలిగ్రాం ఒకటి, సీవర్డ్‌కి: ఈ రాత్రి లూసీ దగ్గర తప్పక ఉండు అని. దాని తల మీద చిన్న గమనిక. జిల్లా పేరు రాయనందువల్ల వేరే జిల్లాకి వెళ్లి, 22 గంటలు ఆలస్యంగా అందింది.

ఆ రాత్రే తోడేలు కిటికీ పగలగొట్టింది. లూసీ తల్లి గుండె ఆగి పోయింది. పనివాళ్లు మత్తుమందు కలిసిన వైన్ తాగి పడిపోయారు. లూసీ ఒక్కతే కూర్చుని జరుగుతున్నది కాగితం మీద రాసి దాచుకుంది. వెల్లుల్లి పూలు, శిలువ, వీటన్నిటికన్నా నాకు భయమేసింది ఆ జిల్లా పేరుకే. మా పనిలో శాంపిల్ ట్యూబు మీద లేబుల్ సగం రాస్తే ఏమవుతుందో రోజూ చూస్తూనే ఉంటాం.

అదే కవరులో మీనా లూసీకి రాసిన ఉత్తరం. పైన బ్రాకెట్లో ఉంది: ఆమె దీన్ని తెరవలేదు. 18న ఇంకో ఉత్తరం. దాని మీదా అదే మాట.

నేను చదవబోయాను. అమ్మకి ఆ మాట తెలుగులో చెప్పాను, నోరు జారి. చేయి అడ్డం పెట్టింది. "ఆ పిల్లే చదవందాన్ని మనమెందుకు చదవడం?" రెండింటినీ వేరే కవర్లలో పెట్టి, మైదాతో అంటించేసింది.

20న లూసీ పోయింది.

సెప్టెంబరు 26

హార్కర్ డైరీ మళ్లీ మొదలైంది. ఇక ఎప్పుడూ ఇందులో రాయననుకున్నాను అంటాడు. 88 రోజుల తర్వాత ఆ గొంతు వింటుంటే, దుబాయి వెళ్లి ఫోను చేయని బాబాయి గుమ్మంలో నిలబడ్డట్టుంది.

లండన్ పిల్లల్ని ఎత్తుకెళ్తున్న తెల్లచీర, తప్పు, ఒక 'అందమైన ఆవిడ' సంగతి నిన్నటి కవరులో వచ్చింది. ఎవరో వెంటనే తెలిసిపోయింది. అమ్మ రెండు నిమిషాలు మాట్లాడలేదు.

సెప్టెంబరు 30

నిన్న సమాధి దగ్గర జరిగింది ఇక్కడ రాయను. అమ్మకి కూడా సగమే చెప్పాను.

ఇవాళ్టిది వేరు. మీనా టైపురైటరు ముందు కూర్చుని అందరి డైరీలూ, టెలిగ్రాములూ, సీవర్డ్ ఫోనోగ్రాఫులో (గొంతుని మైనం సిలిండర్ల మీద పట్టే యంత్రం) చెప్పుకున్న మాటలూ అన్నీ టైపు చేసి తేదీల వరసలో పెడుతోంది. శత్రువు దాక్కున్న చోటు పక్కింట్లోనే కావచ్చని అప్పటికి గానీ వాళ్లకి తట్టలేదు. మేము ఏప్రిల్లో చేసిందీ అదే. "కత్తెర లేదా ఆవిడకి?" అని అడిగింది అమ్మ.

వాన్ హెల్సింగ్ ఉపన్యాసంలో, ఇలాంటివాడు ఇండియాలో కూడా ఉన్నాడని ఒక ముక్క ఉంది. బేతాళుడేగా అంది అమ్మ వెంటనే. ఊరికే అన్న మాట కాదది. బేతాళ కథల్ని 1870లో ఇంగ్లిషులో తనదైన తీరులో రాసిన రిచర్డ్ బర్టన్‌ని స్టోకర్ స్వయంగా కలిశాడు. మాట్లాడుతుంటే పై పెదవి లేచి కోరపన్ను కత్తిలా మెరిసిందని తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఆ పన్ను కౌంట్ నోట్లోకి వచ్చిందో లేదో చెప్పలేం గానీ, పట్టు వదలని విక్రమార్కుడి వెనక నుంచి ఒక దారి అయితే లండన్ దాకా ఉంది.

అక్టోబరు 3

కవరు పట్టక చిరిగింది. ఒక్క రోజుకి ఇన్ని పేజీలు ఎవరు రాస్తారయ్యా! నైట్ డ్యూటీ వేసుకుని మరీ చదివాను, పూర్తయ్యేసరికి నాలుగున్నర. కౌంట్ ఆసుపత్రి ఇంట్లోకే వచ్చి మీనా మీద పడ్డాడు. వెళ్తూ కాగితాలన్నీ తగలబెట్టాడు. ఫోనోగ్రాఫు సిలిండర్ల మైనం మంటకి సాయం చేసిందట. టైపు చేసిన రెండో కాపీ ఇనప్పెట్టెలో ఉండబట్టి బతికింది.

పొద్దున ఇంటికొచ్చి అట్టపెట్టెని గ్యాసు పొయ్యికి దూరంగా జరిపాను.

అక్టోబరు 24

17 తర్వాత ఇవాళ్టిదాకా ఒక్క కవరు లేదు. వాళ్లు వార్నా రేవులో, కౌంట్ పారిపోతున్న ఓడ కోసం కాచుకుని కూర్చున్నారు. ఇవాళ్టి ముక్కలో వారమంతా ఎదురుచూశామని ఒక్క వాక్యం. మేమూ వారమంతా ఎదురుచూశాం. అక్టోబరు మొదటి వారంలో ప్రయాణం ఏర్పాట్ల గురించిన మంతనాలు మాత్రం సాగదీశాడు, అక్కడ ఆవలింతలు వచ్చాయి.

నవంబరు 6

అయిపోయింది. మంచు, బండి, మీద పెట్టె, దిగిపోతున్న పొద్దు. హార్కర్ చేతిలో కుక్రీ, అంటే గూర్ఖా కత్తి. మోరిస్ చేతిలో అమెరికా కత్తి. ఆర్నెల్లు భయపెట్టినవాడు పట్టుమని పది వాక్యాల్లో దుమ్మైపోయాడు. అమ్మకి అన్యాయంగా అనిపించింది. "ఇంతేనా?" అని రెండుసార్లు అడిగింది.

తేదీ లేని చివరి ముక్క తీశాం. ఏడేళ్ల తర్వాత హార్కర్ రాసింది. కాగితాలన్నీ తిరగేస్తే అసలు దస్తావేజు అనదగ్గది ఒక్కటీ దాదాపు లేదు, అంతా టైపు చేసిన కాగితాల గుట్టే, ఎవరినీ నమ్మమని అడగలేం అంటాడు. మా చుట్టూ కూడా జిరాక్సు ముక్కల గుట్టే ఉంది.

నవంబరు 15

మైదా మళ్లీ ఉడికింది. ముక్కల్ని తేదీల వరసలో తెల్ల కాగితాల మీద అంటించాం. కవరు లేని రోజులకి ఒక్కో ఖాళీ కాగితం పెట్టాం, ఐదో తేదీ ఆగస్టుకి కూడా. కట్ట లావు పెరిగిపోయింది. అమ్మ పాత సీరియళ్లు కుట్టిన బైండరు ఇప్పుడు లేడు, వాళ్లబ్బాయి ఉన్నాడు.

ఖాళీ కాగితాలు తీసేస్తే రెండు వందలు తగ్గుతుందన్నాడు. వద్దన్నాను. మధ్యలో సెప్టెంబరు దగ్గర అంటించేసిన కవర్లు రెండు తగిలాయి. వేలితో నొక్కి చూశాడు.

"వీటిని విప్పి లోపలివి కుట్టనా మేడమ్?"

"అలాగే కుట్టేయండి."

"ఏముంది ఇందులో?"

"తెలియదండి."